గర్భాశయ గడ్డలకు హార్మోన్ మందులు: పక్షవాతం ముప్పు దేంతో, ఎంత?

ఫైబ్రాయిడ్లు (గర్భాశయ గోడలో పెరిగే కండర గడ్డలు), అడినోమయోసిస్ (గర్భాశయం లోపలి పొర దాని కండరంలోకి చొచ్చుకుపోవడం), ఎండోమెట్రియోసిస్ (ఆ పొర లాంటిదే గర్భాశయం బయట పెరగడం). ఏవీ క్యాన్సర్ కావు, కానీ నెలనెలా మనిషిని మంచాన పడేస్తాయి. వీటికి హార్మోన్ మందు రాసిచ్చాక పెట్టెలోని కాగితంలో ‘స్ట్రోక్’ (పక్షవాతం) అన్న మాట చూసి కొందరు మొదటి రోజే మానేస్తారు. ఇంకొందరు ఆ కాగితం విప్పకుండానే ఏళ్లకేళ్లు మింగుతారు. ఇద్దరిదీ తప్పు లెక్కే. హార్మోన్ మందులన్నీ ఒక గాటన కట్టేవి కావు. వాటిలో కొన్ని పక్షవాతం ముప్పును రెట్టింపు చేస్తాయి, కొన్నిటితో ముప్పు పెరిగిన దాఖలా లేదు. ఏ మందు రక్తస్రావాన్ని ఎంత తగ్గిస్తుందన్నది చాలాచోట్ల దొరికే సమాచారమే. అందుకే ఇక్కడ ముందుగా మెదడు రక్తనాళాల వైపు నుంచి ఒక్కొక్క మందునీ చూద్దాం.

ఎక్కువగా రాసేది ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరాన్‌లా పనిచేసే మందు) రెండూ కలిసిన మాత్ర, అంటే మామూలు గర్భనిరోధక మాత్ర. నెలసరిని క్రమంలో పెడుతుంది, రక్తస్రావం తగ్గిస్తుంది, సులువుగా దొరుకుతుంది. ఫైబ్రాయిడ్‌ను మాత్రం కరిగించదు. అసలు చూడాల్సింది మాత్రల అట్ట వెనక ఉంటుంది. ఇథినైల్ ఈస్ట్రడయాల్ (మాత్రలోని కృత్రిమ ఈస్ట్రోజెన్) 0.03 మి.గ్రా. అని ఉంటే 30 మైక్రోగ్రాములు, 0.02 అని ఉంటే 20, 0.035 అయితే 35. డెన్మార్క్‌లో 20 లక్షల మందికి పైగా మహిళల రికార్డులను 1996 నుంచి 2021 వరకు పరిశీలించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో, హార్మోన్లు వాడని లక్ష మందిలో ఏడాదికి సుమారు 18 మందికి రక్తనాళం మూసుకుపోయే రకం స్ట్రోక్ వచ్చింది. కలిపిన మాత్ర వాడినవారిలో అది 39. అంటే దాదాపు రెట్టింపు. ఇదే అంకెను ఇంకోలా చెబితే, 4,760 మంది ఏడాది పాటు వాడితే ఒకరికి అదనంగా స్ట్రోక్ వస్తుంది. రెండు మాటలూ నిజమే. భయపెట్టాలనుకునేవాళ్లు మొదటిది చెబుతారు, అమ్మాలనుకునేవాళ్లు రెండోది చెబుతారు.

ఆ అంకెలను మన సందర్భానికి తెచ్చేటప్పుడు ఒక సవరణ అవసరం. అవి 15 నుంచి 49 ఏళ్ల వారందరివీ కలిపి తీసినవి. ఫైబ్రాయిడ్లతో, అడినోమయోసిస్‌తో డాక్టర్ దగ్గరికి వచ్చేవారిలో 35 దాటినవాళ్లే ఎక్కువ. స్ట్రోక్ అసలు ముప్పు వయసుతో పెరుగుతుంది, బీపీతో ఇంకా పెరుగుతుంది. ఇరవై ఏళ్ల అమ్మాయిలో చిన్న అంకె రెట్టింపైనా చిన్న అంకెగానే ఉంటుంది. నలభై మూడేళ్ల మనిషికి బీపీ 150/95 ఉంటే, రెట్టింపయ్యే అంకె మొదట్నుంచీ పెద్దదే. ఈ మాత్రకు మంచి మార్కులు ఇవ్వొచ్చు, కానీ 35 లోపు వయసు, మామూలు బీపీ, పొగ అలవాటు లేకపోవడం, ఆరాతో (తలనొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు కనబడటం లాంటివాటితో) కూడిన మైగ్రేన్ లేకపోవడం, ఈ నాలుగూ కుదిరినప్పుడే.

ముప్పు ఎందుకొస్తుందో తెలిస్తే మిగతా మందుల సంగతి సులువుగా అర్థమవుతుంది. మింగిన ఈస్ట్రోజెన్ పేగుల నుంచి ముందుగా కాలేయానికి వెళుతుంది. అక్కడ రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్ల తయారీ పెరుగుతుంది, గడ్డకట్టడాన్ని అడ్డుకునే యాంటీథ్రాంబిన్ తగ్గుతుంది. యాంజియోటెన్సినోజెన్ అనే ప్రోటీన్ పెరిగి బీపీ పైకి జరుగుతుంది. ఇథినైల్ ఈస్ట్రడయాల్‌ను కాలేయం తొందరగా విరగ్గొట్టలేదు కాబట్టి ఏ దారిన లోపలికి వెళ్లినా ఇదే పని చేస్తుంది. గర్భనిరోధక ప్యాచ్, యోని రింగ్ ‘కడుపులోకి వెళ్లవు కాబట్టి భద్రం’ అన్న ప్రచారం నిలవనిది ఇక్కడే. పైన చెప్పిన అధ్యయనంలో స్ట్రోక్ ముప్పు రింగ్‌తో సుమారు 2.4 రెట్లు, ప్యాచ్‌తో 3.4 రెట్లు కనిపించింది. ప్యాచ్ వాడినవారి సంఖ్య తక్కువ కాబట్టి ఆ అంకెలో కొంత ఊగిసలాట ఉంటుంది. అయినా మాత్ర కంటే భద్రమని చెప్పడానికి ఆధారం లేదు. పక్షవాతం భయంతో మాత్ర మాని ఈ ప్యాచ్‌కి మారడం వల్ల ఒరిగేదేమీ లేదు.

మెనోపాజ్ తర్వాత వాడే ఈస్ట్రడయాల్ ప్యాచ్ మాత్రం వేరు సరుకు. పెట్టె మీద రెంటికీ ప్యాచ్ అనే ఉంటుంది, లోపలి మందు వేరు. దాని సంగతి కింద వస్తుంది.

అత్యవసరంలో రాసే మోతాదు గురించి ఇక్కడే చెప్పాలి. రక్తం ధారగా పోతున్నప్పుడు 35 మైక్రోగ్రాముల మాత్రను రోజుకి మూడు చొప్పున 7 రోజులు ఇచ్చే పద్ధతి ఉంది. అంటే రోజుకి 105 మైక్రోగ్రాముల ఈస్ట్రోజెన్. ఈ పద్ధతి పనిచేస్తుంది, రక్తస్రావం ఎక్కువమందిలో మూడు రోజుల్లో ఆగుతుంది. కానీ ఆ హడావుడిలో బీపీ చూడటం, ‘తలనొప్పి వచ్చేముందు కళ్ల ముందు మెరుపులు కనబడతాయా’ అని అడగటం తరచూ తప్పిపోతాయి. బీపీ ఉన్నవారికి, ఆరా ఉన్నవారికి మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ (ఈస్ట్రోజెన్ లేని ప్రొజెస్టిన్ మాత్ర) 20 మి.గ్రా. రోజుకి మూడుసార్లు 7 రోజులు అన్న ప్రత్యామ్నాయం ఉంది. రెంటినీ పోల్చిన ట్రయల్‌లో ఫలితాలు దగ్గరదగ్గరగానే వచ్చాయి. అవసరమైతే డాక్టర్‌ను అడిగి ఆ దారి పట్టొచ్చు.

కొత్తగా వచ్చిన వాటిలో గట్టిగా వినిపించేది మూడు మందులు కలిపిన మాత్ర: రెలుగోలిక్స్ 40 మి.గ్రా., ఈస్ట్రడయాల్ 1 మి.గ్రా., నొరెథిస్టిరాన్ ఎసిటేట్ 0.5 మి.గ్రా. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని 2021 మేలో ఫైబ్రాయిడ్ల రక్తస్రావానికి, 2022లో ఎండోమెట్రియోసిస్ నొప్పికి అనుమతించింది. రెలుగోలిక్స్ అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్‌ను ఆపేస్తుంది. దాంతో ఎముకలు పలచబడకుండా, ఒళ్లంతా సెగలు రాకుండా ఈస్ట్రడయాల్ కొంచెం తిరిగి పోస్తుంది, నొరెథిస్టిరాన్ గర్భాశయం లోపలి పొరను కాపాడుతుంది. రక్తస్రావం తగ్గించడంలో దీనికి ఎదురులేదు. రెండు ప్రధాన ట్రయల్స్‌లో 24 వారాలకు 73, 71 శాతం మందికి ఆశించిన ఫలితం వచ్చింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో అది 19, 15 శాతమే.

స్ట్రోక్ సంగతికొస్తే, అమెరికా లేబుల్ మీద నల్ల గడి కట్టిన హెచ్చరిక (అన్నిటికంటే తీవ్రమైన రకం) ఉంది. 35 దాటి పొగ తాగేవారు, అదుపులో లేని బీపీ ఉన్నవారు, గతంలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు వాడకూడదు. 24 నెలలు మించి వాడకూడదన్నది ఎముకల కోసం పెట్టిన గడువు. ఆ రెండు ట్రయల్స్‌లో కలిపి పాల్గొన్నది 770 మంది. లక్షకు పదుల్లో వచ్చే స్ట్రోక్ అంత చిన్న గుంపులో బయటపడే వీలు తక్కువ. కాబట్టి ‘ట్రయల్‌లో పెద్దగా కనబడలేదు’ అన్న మాట మీద ధీమాగా ఉండక్కర్లేదు. హెచ్చరిక ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ మందుల మొత్తం అనుభవం మీద పెట్టినది. దీనిలోనిది సహజ ఈస్ట్రడయాల్, మోతాదు తక్కువ. సాధారణ మాత్రలోని ఇథినైల్ రకం కంటే కాలేయాన్ని తక్కువ కదిలిస్తుందని అనుకోవడానికి కారణం ఉంది. కానీ నేరుగా పోల్చిన పెద్ద లెక్కలు వచ్చేదాకా, గర్భనిరోధక మాత్రకు పెట్టిన ఆంక్షలే దీనికీ పెట్టుకోవడం మంచిది.

వాడకంలో ఎక్కడ తప్పులు జరుగుతాయంటే, నెలసరి మొదలైన 7 రోజుల్లోపే మొదటి మాత్ర వేసుకోవాలి. ఆలస్యంగా మొదలుపెడితే మొదటి నెల రక్తస్రావం అడ్డదిడ్డంగా ఉంటుంది, దాంతో ‘మందు పనిచేయలేదు’ అని మానేస్తారు. దీనితో పాటు ఇంకో గర్భనిరోధక మాత్ర వేసుకుంటే ఈస్ట్రోజెన్ మీద ఈస్ట్రోజెన్ పడుతుంది, పైగా ఈ మాత్ర పనికి అడ్డొస్తుంది. గర్భనిరోధానికి కండోమ్ లాంటి హార్మోన్ లేని పద్ధతే వాడాలి, మందు ఆపాక ఇంకో వారం వరకూ. ఎరిత్రోమైసిన్ లాంటి కొన్ని మందులు రక్తంలో రెలుగోలిక్స్‌ను పెంచేస్తాయి. అవి తప్పనిసరైతే ముందు ఈ మాత్ర వేసుకుని, కనీసం 6 గంటల తర్వాత వాటిని వేసుకోవాలి.

ఇక నొరెథిస్టిరాన్ 5 మి.గ్రా. మాత్ర. చూడటానికి అమాయకంగా ఉండే మందు ఇది. ‘ఇందులో ఈస్ట్రోజెన్ లేదు’ అని పెట్టె మీద ఉన్నది నిజమే. కానీ శరీరంలోకి వెళ్లాక అందులో చిన్న వంతు ఇథినైల్ ఈస్ట్రడయాల్‌గా మారుతుంది. రోజుకి 0.35 మి.గ్రా. గర్భనిరోధక మోతాదులో అది లెక్కలోకి రాదు. రక్తస్రావానికి 5 మి.గ్రా. చొప్పున రోజుకి మూడుసార్లు, అంటే 15 మి.గ్రా. వాడినప్పుడు మాత్రం తక్కువ మోతాదు కలిపిన మాత్రకు దగ్గరయ్యే ఈస్ట్రోజెన్ పుట్టే అవకాశం ఉంది. 10 రోజుల కోర్సుకి ఇది పెద్ద సమస్య కాదు. కానీ రక్తస్రావం మళ్లీ వచ్చిందని పాత చీటీతోనే నెలల తరబడి కొనేవారు, వేడుకలకు నెలసరి వాయిదా వేసుకోవడానికి మాటిమాటికీ వాడేవారు ఎక్కువ. కాళ్లలో గడ్డకట్టిన చరిత్ర, ఆరాతో మైగ్రేన్, ఎక్కువ బీపీ ఉంటే ఈ మోతాదును ‘ప్రొజెస్టిన్ మాత్రే కదా’ అని తీసిపారేయకూడదు. మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ మాత్రతో అలాంటివారికి ఇలా ఈస్ట్రోజెన్‌గా మారే బెడద లేదు.

ఎండోమెట్రియోసిస్‌కు డైనోజెస్ట్ (ఇదీ ప్రొజెస్టినే) 2 మి.గ్రా. రోజుకి ఒకటి, విరామం లేకుండా. నొప్పిలో మంచి ఫలితం. అది ఇథినైల్ ఈస్ట్రడయాల్‌గా మారదు. మొదటి మూడు నెలలు మరకలు మరకలుగా రక్తం కనబడుతుంది, అది ముందే తెలియకపోతే ఎక్కువమంది ఇక్కడే వదిలేస్తారు. ప్రొజెస్టిన్ మాత్రలకు స్ట్రోక్ ముప్పు సున్నా అన్న పాత నమ్మకం మాత్రం కొంచెం సడలింది. 2012లో వచ్చిన డెన్మార్క్ లెక్కల్లో వాటితో పెరుగుదల కనబడలేదు, 2025 లెక్కల్లో లక్షకు ఏడాదికి సుమారు 15 అదనంగా కనిపించాయి. ముప్పు ఎక్కువ ఉన్నవారికే డాక్టర్లు కలిపిన మాత్ర బదులు వీటిని రాస్తారు కాబట్టి, ఆ తేడాలో మందు వాటా ఎంత, మనిషి వాటా ఎంత అన్నది విడదీయడం కష్టం. అయినా బీపీ చూడకుండా ఇవ్వడానికి ఇది సాకు కాకూడదు.

అన్నిటికంటే మా ఓటు లెవోనార్‌జెస్ట్రెల్ 52 మి.గ్రా. లూప్‌కి. గర్భాశయంలోనే కూర్చుని మొదట్లో రోజుకి సుమారు 20 మైక్రోగ్రాములు వదులుతుంది, రక్తంలోకి చేరేది కొంచెమే. రెండు డెన్మార్క్ అధ్యయనాల్లోనూ స్ట్రోక్ ముప్పు పెరగలేదు. ఎక్కువ రక్తస్రావానికి 5 ఏళ్ల వరకు పనిచేస్తుంది. అడినోమయోసిస్‌కు ప్రత్యేకంగా బాగుంటుంది. దీని లోపం వేరే చోట ఉంది. ఫైబ్రాయిడ్ గర్భాశయం లోపలి గదిలోకి పొడుచుకొచ్చి ఉంటే లూప్ సరిగ్గా కూర్చోదు, ఎక్కువ రక్తంతో పాటే జారిపోవచ్చు. అందుకే పెట్టేముందు గది ఆకారం స్కాన్‌లో చూడాలి. ‘ఫైబ్రాయిడ్ 3 సెం.మీ.’ అన్న రిపోర్టు చాలదు. అది గోడలో ఉందా, బయటికి ఉందా, లోపలికి ఉందా అన్నది రాయించుకోవాలి. పెట్టిన 4 నుంచి 6 వారాలకు దారాలు చూపించుకోవాలి.

ట్రానెక్సామిక్ యాసిడ్ హార్మోన్ కాదు. అయినా హార్మోన్ మాత్రతో పాటు ఒకే చీటీలో తరచూ కనబడుతుంది కాబట్టి చెప్పక తప్పదు. రక్తపు గడ్డ కరిగిపోకుండా ఆపడమే దీని పని. మామూలుగా 1 గ్రా. రోజుకి మూడుసార్లు, ఎక్కువ రక్తం పోయే 4 రోజులు. ఈస్ట్రోజెన్ రక్తాన్ని గడ్డ కట్టేలా చేస్తుంది, ఇది ఉన్న గడ్డను కరగనివ్వదు. అమెరికా లేబుల్‌లో కలిపిన హార్మోన్ గర్భనిరోధకాలతో దీన్ని వాడకూడదని స్పష్టంగా ఉంది. చీటీలో రెండూ కలిసి ఉంటే మందుల షాపులోనే ఆగి డాక్టర్‌కి ఫోన్ చేయడం మంచిది.

మందుల సంగతి ఎంత చెప్పినా ఎవరికి ఇస్తున్నామన్నదే పెద్ద తేడా. బీపీ ముందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అర్హత ప్రమాణాల ప్రకారం 160/100, ఆపైన ఉంటే కలిపిన హార్మోన్ మాత్ర వాడనే కూడదు. 140–159/90–99 మధ్య అయితే సాధారణంగా వద్దు. కొలిచే పద్ధతి తప్పయితే ఈ గీతలకు అర్థం లేదు. వీపు ఆనించి 5 నిమిషాలు కూర్చోవాలి, కాళ్లు నేలమీద, చేయి గుండె ఎత్తులో, మాట్లాడకుండా. అరగంట ముందు నుంచి కాఫీ వద్దు. పట్టీ చిన్నదైతే అంకె లేనిది పెరిగి కనబడుతుంది, లావు చేతికి పెద్ద పట్టీ అడగాలి. ఒకటి రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు చూసి సగటు రాసుకోవాలి. మాత్ర మొదలుపెట్టేముందు ఒకసారి, 3 నెలలకి ఒకసారి, ఆ తర్వాత కనీసం ఏడాదికోసారి. మొదట మామూలుగా ఉండి మూడో నెలలో పెరిగే బీపీయే ఎక్కువగా దొరకకుండా పోతుంది.

తర్వాత ఆరా. తలనొప్పి సమయంలో చూపు మసకబారితే అది ఆరా కాదు. నొప్పికి ముందు మెరిసే వంకర గీతలు చూపు మధ్యలో చిన్న చుక్కలా మొదలై మెల్లగా పక్కకి పాకుతూ పెద్దవవుతాయి. 5 నుంచి 60 నిమిషాలు ఉండి పోతాయి. కొందరిలో తిమ్మిరి వేళ్ల నుంచి మోచేతికి, అక్కడి నుంచి పెదవికి పాకుతుంది. ఇది ఉంటే ఏ వయసులోనైనా కలిపిన మాత్ర వద్దు. మాత్ర మొదలుపెట్టాక మొట్టమొదటిసారి ఆరా వచ్చినా ఆరోజే ఆపేసి డాక్టర్‌కు చెప్పాలి. మాత్ర లేని ఏడు రోజుల్లో ఈస్ట్రోజెన్ పడిపోయి వచ్చే మామూలు తలనొప్పి వేరు. దానికి విరామం తగ్గించడం, ఎత్తేయడం లాంటి ఉపాయాలున్నాయి. పొగ సంగతిలో వాదన లేదు: 35 దాటి రోజుకి 15 సిగరెట్లు, ఆపైన తాగేవారికి కలిపిన మాత్ర నిషేధం. అంతకంటే తక్కువ తాగినా వద్దనే సలహా.

జబ్బు వైపు నుంచి కూడా కొంత ముప్పు వస్తుందని చాలామందికి తెలియదు. ఎండోమెట్రియోసిస్ ఉన్నవారిలో స్ట్రోక్ 34 శాతం ఎక్కువని అమెరికాలో లక్షకు పైగా నర్సులను అనుసరించిన అధ్యయనం 2022లో తేల్చింది. ఆ బంధంలో ఎక్కువ వాటా గర్భసంచి, అండాశయాలు తీసేయడానిదే, 39 శాతం. మెనోపాజ్ తర్వాతి హార్మోన్ చికిత్స వాటా 16 శాతం. ఇంకోవైపు నెలనెలా రక్తం పోయి ఇనుము తగ్గితే కొందరిలో ప్లేట్‌లెట్లు (రక్తాన్ని గడ్డకట్టించే కణాలు) నాలుగున్నర లక్షలు దాటి పెరుగుతాయి. తీవ్రమైన రక్తహీనతతో మెదడు సిరల్లో గడ్డకట్టిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. కాబట్టి స్ట్రోక్ భయంతో ఏ మందూ వాడకుండా హిమోగ్లోబిన్ 6కి పడిపోయే దాకా కూర్చోవడం జాగ్రత్త అనిపించుకోదు. సీబీసీ (రక్తకణాల లెక్క)తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) చూపించుకుని, హార్మోన్‌తో సమాంతరంగా ఇనుము లోటూ పూడ్చుకోవాలి.

గర్భసంచి తీసేశాక, లేదా మెనోపాజ్ దాటాక వాడే హార్మోన్ చికిత్సది వేరే లెక్క. అమెరికా విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ ట్రయల్‌లో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపిన నోటి మాత్రలతో ఏడాదికి 10,000 మందికి అదనంగా 8 స్ట్రోక్‌లు వచ్చాయి, 2002లో అది ఆగింది. గర్భసంచి లేనివారికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన భాగంలో అదనంగా 12 వచ్చి, 2004లో ఆగింది. అందులో చాలామంది అరవై దాటినవారు. నలభైలో అండాశయాలు తీయించుకున్న మనిషికి ఆ అంకెలు చూపించి మందు ఆపేయడం అన్యాయం. మామూలు మెనోపాజ్ వయసు దాకా ఆమెకు హార్మోన్ తిరిగి ఇవ్వడమే సాధారణ సలహా. ఇవ్వాల్సింది ఎలా అన్నదే ప్రశ్న. బ్రిటన్ రికార్డులపై 2010లో వచ్చిన అధ్యయనంలో 50 మైక్రోగ్రాములు, అంతకు తక్కువ ఈస్ట్రడయాల్ ప్యాచ్‌తో స్ట్రోక్ పెరగలేదు. 50 దాటితే ముప్పు సుమారు 1.9 రెట్లకు చేరింది. చర్మం మీద నుంచి వెళ్లే సహజ ఈస్ట్రడయాల్ మొదట కాలేయానికి తగలదు, అందుకే ఈ తేడా. సెగలు తగ్గలేదని రెండు ప్యాచ్‌లు అంటించుకుంటే ఆ లాభం పోతుంది. టిబోలోన్ (మెనోపాజ్ తర్వాత వాడే ఇంకో హార్మోన్ మాత్ర) అరవై దాటాక వద్దు: 2008లో వచ్చిన ట్రయల్‌లో స్ట్రోక్ రెట్టింపవడంతో మధ్యలోనే ఆపేశారు. మెనోపాజ్ తర్వాత ఫైబ్రాయిడ్ పెరిగినా, రక్తం కనబడినా అది హార్మోన్ వల్లే అని వదిలేయకుండా స్కాన్ తప్పనిసరి.

ఆపరేషన్ తేదీ ఖరారైతే ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రను కనీసం 4 వారాల ముందు ఆపాలి. ఫైబ్రాయిడ్ తీయించుకునేవారు అదే వారాల్లో రక్తం పోతుందని భయపడతారు. ఆ ఖాళీలో ఏం వాడాలో ముందే అడిగి పెట్టుకోవాలి. నెల రోజుల వాయిదా ఇష్టం లేక తేదీ ఎవరికీ చెప్పకుండా మాత్ర కొనసాగించేవారూ ఉన్నారు. ఆపరేషన్ బల్ల మీద కదలకుండా పడి ఉండటం, తర్వాత మంచం మీద గడపటం, పైన ఈస్ట్రోజెన్, ఈ మూడూ ఒకే వారంలో కలవకూడదు.

హఠాత్తుగా మూతి ఒక పక్కకి పోవడం, ఒక చెయ్యి బలం తగ్గడం, మాట తడబడటం, ఒక కంటి చూపు పోవడం కనబడితే లక్షణం మొదలైన గంట రాసుకుని నేరుగా స్ట్రోక్ వైద్యం ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా నాలుగున్నర గంటల గడువు. మెదడు సిరల్లో గడ్డకడితే ఇలా మెరుపులా రాదు. రోజుల తరబడి పెరిగే తలనొప్పి, పడుకుంటే, దగ్గితే ఎక్కువవడం, వాంతులు, చూపు మసకబారడం, ఒక్కోసారి ఫిట్స్. మామూలు సీటీలో ఇది తప్పిపోవచ్చు, దీనికి సిరలు చూపే ఎంఆర్ లేదా సీటీ వీనోగ్రఫీ కావాలి. డ్యూటీ డాక్టర్‌కు ఆ అనుమానం రావాలంటే, ‘ఏ మందులు వాడుతున్నారు’ అన్న ప్రశ్నకు బీపీ మాత్ర, షుగర్ మాత్ర చెప్పి ఊరుకోకుండా నెలసరి కోసం వేసుకునే మాత్రల అట్ట తీసి చూపించాలి.